నీళ్లలో నెర్రె

ఆరాంఘర్ కూడలి దాటి శంషాబాదు వైపు సాగే దారిలో ఎడమచేతి పక్కన కాటేదాన్ పారిశ్రామికవాడ వస్తుంది. 2008లో శంషాబాదు విమానాశ్రయం, ఆ మరుసటి ఏడాది మెహిదీపట్నం నుండి ఆరాంఘర్ వరకు పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చిన తరువాత ఆ దారిన పోయేవారి చూపు విమానం వేళమీదనే ఉంటుంది. పక్కనే ఒక పారిశ్రామికవాడ ఉన్నదన్న సంగతి వారు గమనించరు. నా బాల్యమూ, యౌవనారంభమూ గడిచింది ఆ వాడలోనే. నూనె మిల్లులు, ఇనుప కడ్డీలు సాగదీసే రోలింగు మిల్లులు, బిస్కట్ల కర్మాగారాలు, ప్లాస్టిక్ సంచులు తయారుచేసే షెడ్లు అక్కడ పక్కపక్కనే ఉండేవి. ఒక వీధిలో బిస్కట్ల తీపి వాసన, మలుపు తిరిగితే కాగిన నూనె కమురు. వాసనను బట్టి ఎక్కడున్నామో కళ్లు మూసుకొని చెప్పగలిగేవాళ్లం.

మా నాయన అక్కడి ఒక నూనె కర్మాగారంలో బాయిలర్ అటెండెంటు. పాలమూరు జిల్లాలో షాద్‌నగర్ దగ్గరి పల్లె మాది. వానలు లేక, చేను పండక, 1970ల మొదట్లో ఆయన పట్నం దారి పట్టారు. మొదట బొగ్గు ఎత్తే కూలీగా చేరి, పొయ్యి దగ్గర పని నేర్చి, పరీక్ష రాసి రెండవ తరగతి సర్టిఫికెట్ సంపాదించుకున్నారు. బాయిలరు దగ్గర నిలబడి పనిచేయడానికి ప్రభుత్వం ఇచ్చిన యోగ్యతాపత్రం కావాలని చాలామందికి తెలియదు. ఆ కాగితాన్ని ఆయన అద్దం పెట్టించి దేవుళ్ల పటాల వరుసలో తగిలించారు. తరువాతి కాలంలో నేను పొందిన డాక్టరేటు పట్టాకు మా ఇంట్లో ఆ గౌరవం దక్కలేదు. దక్కవలసిన అవసరం లేదని నా అభిప్రాయం కూడా.

ఆ కర్మాగారంలో ఉన్నది లాంకషైర్ బాయిలరు. మూతపడిన ఏదో నూలుమిల్లు నుండి కొని తెచ్చినదట. అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద ఉక్కు పీపాను ఊహించుకోండి. పొడవు ఎనిమిది మీటర్లు. దాని లోపల ఈ కొస నుండి ఆ కొస వరకు రెండు లావుపాటి గొట్టాలు. గొట్టాలలో మంట, గొట్టాల చుట్టూ నీళ్లు. పీపా రెండు కొసలనూ గుండ్రని ఉక్కు పలకలు మూసి ఉంచుతాయి. వాటిని ఎండ్ ప్లేట్లు అంటారు. ఈ నమూనాకు 1844లో ఇంగ్లండులో హక్కులు పొందినవారిలో విలియం ఫెయిర్‌బెయిర్న్ ఒకరు. ఆ పేరు మళ్లీ వస్తుంది కాబట్టి గుర్తుంచుకోండి.

మా బాయిలరు ఏడు కిలోల ఒత్తిడి వద్ద పనిచేసేది. అంటే చదరపు సెంటీమీటరు మీద ఏడు కిలోల బరువు. ఆ ఒత్తిడిలో నీరు 100 డిగ్రీల వద్ద మరగదు. దాదాపు 170 డిగ్రీల దాకా వేడెక్కి, నీరుగానే ఉంటుంది. ఏ కారణం చేతనైనా పీపా చీలి ఒత్తిడి ఒక్కసారిగా పోతే, ఆ నీటిలో సుమారు ఎనిమిదో వంతు తక్షణమే ఆవిరిగా మారుతుంది. లీటరు నీరు 1,600 లీటర్లకు పైగా ఆవిరి అవుతుంది. మా పీపాలో పది టన్నులకు పైగా నీరు ఉండేది. మిగతా లెక్క మీరే చేసుకోగలరు. 1863లో కలకత్తాలో జరిగిన ఇటువంటి పేలుడులో అనేకులు మరణించిన తరువాతనే మన దేశంలో బాయిలర్ల తనిఖీకి చట్టాలు మొదలయ్యాయి. అవి 1923లో దేశమంతటికీ ఒకే చట్టమై, వంద సంవత్సరాలకు పైగా నడిచి, 2025లో పార్లమెంటు చేసిన కొత్త చట్టానికి చోటిచ్చాయి.

నాయన దానిని యంత్రమని ఎన్నడూ అనలేదు. "అది ఊపిరి తీస్తది బిడ్డా" అనేవారు. పల్లె మనిషి మాటతీరులే అనుకునేవాణ్ణి. నిజానికి ఇంజనీర్లు కూడా అదే మాట వాడతారని చాలా ఏళ్లకు తెలిసింది. ఎనిమిది మీటర్ల ఉక్కు గొట్టం నూరు డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒక సెంటీమీటరు సాగుతుంది. మంట తగిలే లోపలి గొట్టాలు, వెలుపలి పీపా కంటే ముందుగా వేడెక్కుతాయి, ముందుగా సాగుతాయి. సాగిన గొట్టం కొసలనున్న పలకలను బయటకు నెడుతుంది. చల్లారినప్పుడు లోపలికి లాగుతుంది. ఈ ఊగిసలాటకు వీలుగా గొట్టం చుట్టూ పలకలో కొంత మేర బిగింపులు లేకుండా వదిలిపెడతారు. దానికి ఆ విద్యలో ఉన్న పేరును తెలుగు చేస్తే 'ఊపిరి చోటు' అవుతుంది. బాయిలరు ఒకసారి వెలిగి ఒకసారి ఆరితే ఒక ఊపిరి.

పొయ్యి వెలిగించడంలో నాయనకు ఒక పద్ధతి ఉండేది. చల్లారిన బాయిలరును ఆయన ఒక పగలూ ఒక రాత్రీ పట్టి వేడిచేసేవారు. ముందు కట్టెపుల్లల మంట, ఆపైన గంపెడు బొగ్గు, మళ్లీ కొంత విరామం. లాంకషైర్ బాయిలరులో గొట్టాలకు పైనున్న నీరు త్వరగా కాగుతుంది, అడుగున ఉన్న నీరు కదలక చల్లగానే ఉంటుంది. అందుకని నడుమ నడుమ అడుగు వాల్వు తిప్పి, చల్లటి నీటిని కొంత బయటకు వదిలి, వేడినీరు కిందికి దిగేటట్లు చేసేవారు. ఎప్పుడు వెలిగించారో, ఎన్ని గంటలలో ఒత్తిడి వచ్చిందో, ఎవరు వెలిగించారో ఒక పొడుగాటి లెక్కల పుస్తకంలో గళ్లు గీసి రాసేవారు. అలా రాయమని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

నేను ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్న రోజులవి. 1987 జనవరి. సంక్రాంతికి మిల్లు మూడు రోజులు మూసివేశారు. కనుమ మరునాడు పొయ్యి వెలిగించవలసి ఉండగా నాయనకు చలిజ్వరం వచ్చింది. లేవలేని స్థితిలో నన్ను పిలిచి, "పుల్లల మంట పెట్టి కూసో. అది ఆరకుండ సూడు. నేను పొద్దుగూకే వరకు వస్త" అన్నారు. సర్టిఫికెట్ లేని పదిహేడేళ్ల పిల్లవాణ్ణి బాయిలరు దగ్గర కూర్చోబెట్టడం చట్టవిరుద్ధమని ఆయనకు తెలియకపోలేదు. రోజు కూలీ పోతుందన్న భయం అంతకంటే పెద్దది.

నేను వెంట పుస్తకం తీసుకుపోయాను. వార్షిక పరీక్షలు దగ్గరపడుతున్నాయి. ఛందస్సు నాకు అప్పుడే రుచించడం మొదలైంది. గురువులు, లఘువులు నేలమీద బొగ్గుముక్కతో గుర్తించుకుంటూ యతిస్థానాలు వెతుక్కుంటూ కూర్చున్నాను. తల ఎత్తేసరికి చీకటి పడింది, మంట ఆరిపోయింది. పీపా మీద చేయి పెడితే చల్లగా ఉంది. నాయన రాలేదు, జ్వరం తగ్గలేదు. రాత్రి పది గంటలకు సూపర్‌వైజరు వచ్చి, పొద్దున్న ఆరింటికి స్టీము లేకపోతే షిఫ్టు మొత్తం ఇంటికి పోవలసివస్తుందని కేకలు వేశాడు. సహాయకుడూ నేనూ కలిసి పొయ్యి నిండా బొగ్గు పోశాం. ఫ్యాను పూర్తిగా తిప్పాం. గొట్టం లోపల మంట తెల్లబడింది. రెండు గంటలయ్యేసరికి ముల్లు అయిదు కిలోల దగ్గర నిలిచింది. నాలుగు గంటలలో! పగలూ రాత్రీ పట్టే పనిని నాలుగు గంటలలో చేశానన్న గర్వం నాకు కలిగిన మాట నిజం. ఆ నాలుగు గంటలలో పీపా కడుపులోంచి రెండు మూడుసార్లు, ఎవరో లోపలి నుండి తలుపు తట్టినట్లు, చప్పుడు వినిపించిన మాట కూడా నిజం.

తెల్లవారుజామున నాయన దుప్పటి కప్పుకొని వచ్చారు. ముల్లు వంక చూడలేదు. వంగి, పీపా అడుగుభాగాన అరచేయి ఆనించారు.

"పైన పొయ్యి లెక్కుంది. కింద బాయినీళ్ల లెక్కుంది" అన్నారు.

"ఏం కాలేదు కదా నాయనా" అన్నాను.

"నీకు గాలే. దానికైంది. ఇయ్యాల చెప్పదు, యాది పెట్టుకుంటది."

అంతకు మించి ఒక్క మాట అనలేదు. పుస్తకం తెరిచి పెన్సిలు నా చేతికిచ్చి, తేదీ, పట్టిన కాలం నన్నే రాయమన్నారు. 'నాలుగు గంటలు' అని రాశాను. ఎవరు వెలిగించారన్న గడి దగ్గరికి వచ్చేసరికి పెన్సిలు వెనక్కి తీసుకొని తన పేరు తానే రాసుకున్నారు.

ఇనుము యాది పెట్టుకోవడమేమిటి? సాహిత్య విద్యార్థిగా ఆ మాటలోని చమత్కారానికి మురిసిపోయానే గాని, అందులో శాస్త్రమున్నదని గ్రహించడానికి నాకు చాలాకాలం పట్టింది. ఒక్కసారి మోపితే అవలీలగా మోయగల బరువును పదేపదే మోపుతూ తీస్తూ పోతే లోహం ఏదో ఒకనాడు విరుగుతుంది. 1842 మే నెలలో ఫ్రాన్సులోని వెర్సాయ్ నుండి పారిస్ వస్తున్న రైలింజను ఇరుసు విరిగి, బోగీలకు నిప్పంటుకొని, యాభైమందికి పైగా మరణించారు. చూడడానికి ఆ ఇరుసులో లోపమేమీ లేదు. తిరిగి తిరిగి విరిగింది, అంతే. జర్మనీలో ఆగస్ట్ వోలర్ అనే రైల్వే ఇంజనీరు ఇరుసులను ఏళ్ల తరబడి తిప్పి, ఎంత బరువుకు ఎన్ని తిరుగుళ్లకు విరుగుతాయో లెక్క కట్టాడు. ఇంగ్లండులో ఇనుప దూలం మీద బరువును లక్షలసార్లు దించి ఎత్తి పరీక్షించి, 1864లో ఆ ఫలితాలను ప్రకటించినవాడు ఎవరనుకున్నారు? మన లాంకషైర్ బాయిలరు ఫెయిర్‌బెయిర్నే. తాను రూపొందించిన పీపా ఏ జబ్బుతో పోతుందో ఆ జబ్బునే ఆయన మరొక చోట పరీక్షించి చూశాడన్నమాట.

ఈ జబ్బుకు యూరపు భాషలలో 'అలసట' అని పేరు. ఫ్రెంచి పండితుడు పాన్సలే తన ఉపన్యాసాలలో ఆ మాటను వాడాడని చెబుతారు. మన తెలుగులోనూ 'లోహపు అలసట' అనే అంటున్నారు. మాటల మీద బతికేవాణ్ణి కాబట్టి ఇక్కడ ఒక అభ్యంతరం చెప్పక తప్పదు. అలసట అంటే విశ్రాంతితో తీరేది. పొలం దున్నివచ్చిన ఎద్దుకు రాత్రి గడిస్తే తీరుతుంది. లోహానికి తీరదు. నెల రోజులు పొయ్యి ఆర్పి ఉంచినా ఆ ఉక్కు పలక ఒక్క ఊపిరినీ మరిచిపోదు. నాయన అన్న 'యాది' అనే మాటే ఇక్కడ సరిగ్గా అమరుతుంది.

పొడిగాలిలో ఉన్న ఉక్కుకు ఒక వెసులుబాటు ఉన్నది. బరువు ఒకానొక పరిమితికి లోబడి ఉంటే, ఎన్ని లక్షలసార్లు మోపినా సాధారణంగా అది విరగదు. వోలర్ ప్రయోగాలలోనే ఆ పరిమితి కనబడింది. నీరు తగిలితే ఆ వెసులుబాటు పోతుంది. 1920లలో అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో మెక్ఆడమ్ అనే శాస్త్రవేత్త ఉక్కును నీటిలో ఉంచి ఊపి చూసి ఈ సంగతిని నిర్ధారించాడు. తుప్పు ఒక్కటే అయితే పలకను మెల్లగా పలచబరుస్తుంది. ఊపు ఒక్కటే అయితే పరిమితి దాటినప్పుడే చీలుస్తుంది. రెండూ చేతులు కలిపినప్పుడు, విడివిడిగా ఏదీ చేయలేని పని చేస్తాయి.

అదెలాగో వివరించింది నా పూర్వ విద్యార్థి ఒకడు. నా దగ్గర తెలుగు చదివి, మార్కులు అంతంతమాత్రంగా తెచ్చుకొని, లోహశాస్త్రంలో మాత్రం రాణించినవాడు. కాటేదాన్‌కు ఎంతో దూరం లేని కంచన్‌బాగులో రక్షణశాఖ వారి లోహ పరిశోధనశాల, మిధాని, బాలాపూర్‌లో లోహచూర్ణాల పరిశోధన కేంద్రం ఉండడం వల్ల ఈ ప్రాంతపు పిల్లలలో కొందరికి ఆ శాస్త్రం మీద మక్కువ కలుగుతుంటుంది. వేడినీటిలో ఉన్న ఉక్కు మీద నల్లటి పలచని పొర ఒకటి ఏర్పడుతుంది. అది మాగ్నటైటు, అయస్కాంత శిలలోని పదార్థమే. ఆ పొర ఉన్నంతవరకు నీరు లోపలి ఇనుమును తాకలేదు. కాని పొర పెళుసు. కింది ఉక్కు సాగినప్పుడు తాను సాగలేక పగులుతుంది. ఆ పగులులోంచి నీరు ఇనుమును తాకుతుంది, కొంత ఇనుము కరిగి మళ్లీ పొరగా మారుతుంది. ఆ కొత్త పొర తాను తిన్న ఇనుము కంటే రెట్టింపు చోటు ఆక్రమిస్తుంది కాబట్టి సందులో మేకు కొట్టినట్లు బిగుసుకుంటుంది. మరునాటి ఊపిరికి మళ్లీ అక్కడే పగులు. ప్రతిసారీ వెంట్రుకవాసి కూడా ఉండదు, కాని ప్రతిసారీ అదే చోట. పలక గొట్టాన్ని కలిసే వంపు దగ్గర ఇలా గాడి పడడాన్ని పాతకాలపు బాయిలరు తనిఖీదారులు పందొమ్మిదో శతాబ్దిలోనే గుర్తించారు.

నీటిలో కలిసిన ప్రాణవాయువు ఈ పనిని మరింత తొందరపెడుతుంది. ఇక్కడ నాయన పద్ధతి మరొకటి చెప్పాలి. బాయిలరులోకి పంపే నీటిని తొట్టిలోనే ఆవిరి గొట్టంతో కాచనిదే ఆయన పంపు వేయనిచ్చేవారు కాదు. "సల్లనీళ్లల్ల పానం ఉంటది. ఆ పానం ఇనుమును తింటది" అనేవారు. కాటేదాన్ బోరునీళ్లు అసలే ఉప్పు, సున్నం. వాటిని మెత్తబరిచే ఏర్పాటు కర్మాగారంలో ఉండేది గాని నీటిని కాచడం బొగ్గు దండగ అని యాజమాన్యం సణిగేది. 25 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు ఎనిమిది మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉంటుంది. 90 డిగ్రీలకు కాగితే రెండు మిల్లీగ్రాములు కూడా మిగలదు. చేపలు చెరువులో పీల్చేది ఈ కరిగిన వాయువునే. కనుక నాయన 'పానం' అన్నది అక్షరాలా నిజం.

ఇదంతా పాతకాలపు పీపాల గొడవ అనుకోకండి. అణువిద్యుత్ కేంద్రాలలో 300 డిగ్రీలకు అటూ ఇటుగా కాగిన నీరు ఉక్కు పాత్రలలో, గొట్టాలలో తిరుగుతూ ఉంటుంది. ఆ ఉక్కు ఎన్ని ఊపులకు ఓర్చుకోగలదన్న లెక్కలు చాలాకాలం గాలిలో చేసిన పరీక్షల మీదనే ఆధారపడ్డాయి. జపాను, అమెరికా ప్రయోగశాలలు వేడినీటిలోనే పరీక్షలు చేసి చూస్తే, కొన్ని పరిస్థితులలో ఆయుర్దాయం పదోవంతుకు, ఇంకా తక్కువకు పడిపోతున్నదని తేలింది. 2007లో అమెరికా అణు నియంత్రణ సంస్థ కొత్త కేంద్రాల రూపకల్పనలో ఈ లెక్కను చేర్చమని మార్గదర్శకాలు వెలువరించింది. ఫ్రాన్సులోని సీవో అనే చోట ఒక సరికొత్త రియాక్టరులో, విద్యుత్తు సరఫరా మొదలై ఆరు నెలలు కాకముందే, 1998 మే నెలలో స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం వంపు చీలి నీరు కారింది. అక్కడ వేడినీరు, చల్లనీరు కలుస్తాయి. ఒకసారి వేడి తగిలి, మరుక్షణం చల్లన తగిలి, గొట్టం గోడ లెక్కలేనన్ని చిన్న ఊపిరులు తీసి చీలింది. దాన్ని నిర్మించినవారు ఆరితేరినవారే.

వేడినీటిలో ఉక్కును ఎంత నెమ్మదిగా సాగదీస్తే తుప్పుకు అంత వ్యవధి దొరికి అంత ఎక్కువ చెరుపు చేస్తుందని కూడా నా విద్యార్థి చెప్పాడు. నా గుండె జారింది. మరి పగలూ రాత్రీ పట్టి వేడిచేసిన మా నాయన పొరపాటు చేశారా? లేదన్నాడు. తొందరపడి కాచినప్పుడు పైకీ కిందికీ, గొట్టానికీ పీపాకూ వేడిలో తేడా పెరిగి పలక వంగే వంపే ఎక్కువవుతుంది. నాయన ఆ వంపునే తగ్గించారు. వంగనిదే పొర పగలదు. పొర పగలనిదే నీటికి వ్యవధి దొరికి లాభం లేదు.

1994 నాటికి నేను విశ్వవిద్యాలయంలో ప్రాచీన కావ్యాల మీద పరిశోధన చేస్తున్నాను. ఆ ఏడు వేసవిలో బాయిలరు ముందు పలక మీద, ఎడమ గొట్టం అడుగున, నాయనకు తెల్లటి గీత ఒకటి కనిపించింది. చెమట ఆరిన చొక్కా మీద ఉప్పు తేలినట్లు, రెండంగుళాల పొడవు. చెమ్మ ఎక్కడినుండో వస్తున్నది, వేడికి ఆరి ఉప్పు మిగులుతున్నది. పైవారికి చెప్పారు. రెండు రోజుల తరువాత చూస్తే ఆ చోట వెండిరంగు పూసి ఉన్నది. వార్షిక తనిఖీకి బాయిలర్ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు మరి.

తనిఖీనాడు ఇంగ్లీషు కాగితాలు చదివిపెట్టడానికి నాయన నన్ను వెంట రమ్మన్నారు. ఇన్‌స్పెక్టరు సుత్తి పట్టుకొని పలక మీద తడుతూ పోతున్నాడు. యాజమాన్యం వారు వెంటనే ఉన్నారు. నాయన ఎవరి అనుమతీ అడగలేదు. వెళ్లి, బొటనవేలి గోటితో ఆ రంగును గీకారు. కింద తెల్లటి గీత బయటపడింది. ఎవరూ మాట్లాడలేదు.

ఇన్‌స్పెక్టరు మ్యాన్‌హోల్ గుండా లోపలికి దిగాడు. గొట్టం, పలక కలిసే వంపును శుభ్రం చేయించి, కిరోసిన్ పూయించి, తుడిపించి, పైన సుద్ద పూయించాడు. కొంతసేపటికి తెల్లటి సుద్ద మీద నల్లటి సన్నని గీత తేలి వచ్చింది. పగులులో దాగిన కిరోసిన్ సుద్దలోకి ఇంకి వచ్చిందన్నమాట. నాయన తల లోపలికి పెట్టి చూసి, "నెర్రె వాసింది సార్" అన్నారు. గోడకైతే బీట, కుండకైతే పగులు, నేలకైతే నెర్రె అంటాం. ఇనుముకు నెర్రె అనడం నేనెక్కడా వినలేదు. నీళ్లు లేక నెర్రెలు వారిన చేనును విడిచి వచ్చిన మనిషి ఆయన. నీళ్లలోనే ఉన్న ఇనుములో అదే రూపం కనబడింది. ఉలితో చెక్కి చూస్తే జానెడు పొడవున, పలక మందంలో సగానికి పైగా, ఒకచోట ఆవగింజంత మేర ఇవతలి దాకా దిగిపోయి ఉన్నది.

"ఎలా వెలిగిస్తారు దీన్ని? తొందర తొందరగానా?" అని ఇన్‌స్పెక్టరు అడిగాడు. నాయన తన పుస్తకం తెచ్చి ఇచ్చారు. పేజీలు తిప్పుతూ 1987 జనవరి దగ్గర ఆగి, "ఇదేమిటి, నాలుగు గంటలు?" అన్నాడు.

"నేనే సార్. తొందరపడ్డ" అన్నారు నాయన.

నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నోట మాట రాలేదు. ఇన్‌స్పెక్టరు ఆ అక్షరాల వంక, పక్కనున్న పేరు వంక ఒకసారి చూసి పుస్తకం మూసి ఇచ్చేశాడు. బాయిలరు వాడడానికి వీల్లేదని ఉత్తరువు రాశాడు. కొత్త చిన్న బాయిలరు వచ్చేదాకా ఆరు వారాలు మిల్లు ఆగింది. పద్నాలుగు కుటుంబాలకు కూలి లేదు. మా పక్కింటివారు ఆ ఏడాది దసరాకు జమ్మి ఆకు ఇవ్వడానికి కూడా మా గుమ్మం తొక్కలేదు. గోరు ఊరికే ఉంటే ఎవరికీ ఏమీ అయ్యేది కాదని వారి వాదన. వారిని తప్పుపట్టడానికి నాకు నోరు లేదు. నాయన ఆ ఆరు వారాలూ మైలార్‌దేవుపల్లిలో ఇటుకలు మోశారు.

ఆ రాత్రి గురించి మా మధ్య మళ్లీ మాట జరగలేదు. 2011లో ఆయన కాలం చేశారు.

మొన్నటి సంక్రాంతికి నా విద్యార్థి ఇంటికి వస్తే అటకమీది పెట్టెలోంచి ఆ పుస్తకం తీసి చూపించాను. వాడు నేలమీద కూర్చొని, పైన శంషాబాదుకు దిగుతున్న విమానాల మోత వింటూ, పుటలన్నీ ఓపికగా లెక్కపెట్టాడు. విమానాలదీ ఇదే కథ అన్నాడు. ఎగిరిన ప్రతిసారీ లోపలి గాలి ఒత్తిడికి ఒంటిపొర ఉబ్బుతుంది, దిగితే తగ్గుతుంది. 1954లో రెండు కామెట్ విమానాలు ఆకాశంలోనే విచ్చిపోయింది అందుకేనట. బాయిలరు వెలిగిన పూటలు నాయన పుస్తకంలో 611 తేలాయి.

"వీటిలో ఏది పగలగొట్టిందో చెప్పగలవా?" అని అడిగాను.

"ఏదో ఒకటని చెప్పలేం సార్. మొదటి చీలిక ఎప్పుడు పడిందో తెలియదు. నాలుగు గంటల ఎంట్రీ దగ్గరే పడి ఉండవచ్చు, పడకపోయి ఉండవచ్చు" అంటూ ఆ పుట దగ్గరికి మళ్లీ వచ్చాడు. కళ్లద్దాలు సరిచేసుకొని దగ్గరగా చూశాడు.

"పేరు నాన్నగారిదే గాని, ఈ చేతిరాత వేరు సార్."

"నాది" అన్నాను.